కడుపుకు గడువు: పాలు లేని శాకాహారంలో వాయువు, ఉబ్బరం, వాటి నివారణ

మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, నెయ్యి, తేనె వంటి జంతు సంబంధమైన పదార్థాలన్నిటినీ మాని, మొక్కల నుంచి వచ్చే ఆహారంతోనే జీవించే పద్ధతిని వీగన్ ఆహారం అంటారు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన సహచరులు వీగన్ సొసైటీని స్థాపించినప్పుడు పుట్టిన ఈ పేరు ఇప్పుడు తెలుగు పట్టణాలలోనూ వినిపిస్తున్నది. జీవకారుణ్యం వల్లనో, గుండె జబ్బు, మధుమేహం గురించిన భయం వల్లనో ఈ నియమాన్ని పట్టుదలగా మొదలుపెట్టిన పలువురిని తొలి వారాలలోనే వెనక్కి లాగేది కడుపు ఉబ్బరం. భోజనమైన కొన్ని గంటలకు పొట్ట బిగుసుకుపోయి, పేగులు మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, నలుగురిలో కూర్చోవడమే కష్టమైనప్పుడు, ఈ తిండి తమ ఒంటికి పడదన్న నిర్ణయానికి మనుషులు తొందరగా వచ్చేస్తారు.

ఆ నిర్ణయం చాలా సందర్భాలలో తొందరపాటే. పప్పుధాన్యాలూ, పీచు ఉన్న గింజలూ కడుపుకు శత్రువులు కావు. వాటిని ఒక్కసారిగా, ఎక్కువ పరిమాణంలో, సరైన తయారీ లేకుండా తినడమే బాధకు మూలం. పాలమూరు ప్రాంతంలోని అమరచింత, ఆత్మకూరు, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల పాఠకులకు ఈ మాట మరింత దగ్గరిది, ఎందుకంటే జొన్న రొట్టె, పల్లీల కారం, కందిపప్పు, పుంటికూర, పచ్చి పులుసు, బొబ్బర్ల గుడాలు అనే ఇక్కడి పాత భోజనంలో పాల పదార్థం వేయక తప్పనిది ఒక్కటీ లేదు. వీగన్ నియమానికి కావలసిన వంటలూ, వాయువును తగ్గించే వంట పద్ధతులూ ఈ ప్రాంతపు వంటింట్లోనే ఉన్నాయి. వాటి వెనుక ఉన్న కారణాలను తెలుసుకొని, ఒక క్రమంలో ఆచరించడమే ఈ అధ్యాయం ఉద్దేశం.

వాయువు పుట్టే తీరు

ఆరోగ్యంగా ఉన్న ప్రతి మనిషి పేగులలోనూ వాయువు పుడుతుంది. 1991లో బ్రిటన్‌లో పది మంది ఆరోగ్యవంతులకు రోజువారీ భోజనంతో పాటు 200 గ్రాముల ఉడికించిన బీన్స్ ఇచ్చి కొలిచినప్పుడు, 24 గంటలలో వెలువడిన వాయువు మనిషిని బట్టి సుమారు 475 మిల్లీలీటర్ల నుంచి 1,490 మిల్లీలీటర్ల వరకు ఉన్నట్టు తేలింది. రోజుకు పది నుంచి ఇరవై సార్లు వాయువు పోవడం సహజమే కనుక, అసలు వాయువే లేని కడుపును కోరుకోవడం అనవసరం. నొప్పి లేకపోవడం, పని చెడకపోవడం అన్నవే సరైన గమ్యాలు.

పప్పుధాన్యాలు వాయువును పెంచడానికి కారణం వాటిలోని రాఫినోజ్, స్టాకియోజ్, వెర్బాస్కోజ్ అనే చక్కెరలు. కొన్ని చిన్న చక్కెర అణువులు గొలుసుగా అతుక్కొని ఏర్పడిన ఇటువంటి పదార్థాలను ఒలిగోశాకరైడ్లు అంటారు. ఈ గొలుసును తెంచడానికి ఆల్ఫా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము కావాలి. ఎంజైము అంటే శరీరంలో రసాయన చర్యలను వేగవంతం చేసే ప్రొటీను. మనిషి చిన్న పేగులో ఈ ఎంజైము తయారు కాదు కనుక ఆ చక్కెరలు అరగకుండానే పెద్ద పేగుకు చేరతాయి, అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్, కొందరిలో మీథేన్ వాయువులను విడుదల చేస్తాయి. ఈ మూడింటికీ వాసన లేదు. దుర్వాసన గంధకం కలిసిన వాయువుల వల్ల, అతి తక్కువ పరిమాణంలోనే వస్తుంది.

ఇదే పులియబెట్టే పని వల్ల మేలు కూడా జరుగుతుంది. పీచునూ, ఈ చక్కెరలనూ తిన్న బ్యాక్టీరియా బ్యుటిరేట్ వంటి చిన్న కొవ్వు ఆమ్లాలను తయారు చేస్తాయి, పెద్ద పేగు లోపలి పొరలోని కణాలకు ఆ బ్యుటిరేటే ముఖ్యమైన ఇంధనం. అంటే, వాయువును పూర్తిగా ఆపాలన్న తలంపుతో పప్పులన్నిటినీ మానేసినవారు పేగుకు అందవలసిన పోషణను కూడా ఆపినవారవుతారు.

నొప్పి ఎందుకు వస్తుందన్నది మరొక ప్రశ్న, ఎందుకంటే ఒకే పరిమాణంలో వాయువు ఉన్న ఇద్దరిలో ఒకరికి అది తెలియనే తెలియదు, మరొకరు తాళలేరు. కొందరి పేగు నరాలు కొద్దిపాటి సాగుదలనే నొప్పిగా మెదడుకు చేరవేస్తాయి. దీన్ని పేగు అతిస్పందన అనవచ్చు, ఐబీఎస్ అనే దీర్ఘకాలిక పేగు సమస్య ఉన్నవారిలో ఇది తరచుగా కనిపిస్తుంది. మరికొందరిలో భోజనం తరువాత ఛాతీకి, పొట్టకు మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండరం కిందికి నొక్కడం, పొట్ట కండరాలు వదులు కావడం జరిగి, వాయువు పెద్దగా పెరగకపోయినా పొట్ట ముందుకు పొంగుతుంది. మలబద్ధకం ఉన్నవారిలో వాయువు బయటికి పోయే దారి నెమ్మదించి బాధ రెట్టింపవుతుంది. అందువల్ల తిండిని మాత్రమే మార్చడం అన్ని వేళలా చాలదు.

అవ్వకు అరిగింది మనవడికి ఎందుకు అరగదు

కృష్ణా, తుంగభద్రల మధ్య నడిగడ్డలోనూ, దానికి ఆనుకొని ఉన్న మెట్ట గ్రామాలలోనూ ఒకప్పుడు జొన్న, సజ్జ, కొర్ర ప్రధాన ధాన్యాలు. కంది, ఉలవ, అనుము, బొబ్బర వాటికి తోడు పంటలు. ఆ రోజులలో చిన్నతనం నుంచీ పీచు ఎక్కువగా ఉన్న తిండి తిన్నవారి పేగులలోని బ్యాక్టీరియా కూడా దానికి తగ్గట్టే అలవాటు పడి ఉండేవి. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం రావడం, తరువాతి కాలంలో జూరాల వంటి ప్రాజెక్టుల కింద వరి పెరగడం వల్ల మెట్ట ఊళ్లలోనూ తెల్లన్నమే రోజూ తినే భోజనమైంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార విలువల పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే ఉండగా, జొన్నలలో సుమారు 10 గ్రాములు, కందిపప్పులో సుమారు 9 గ్రాములు, పొట్టుతో ఉన్న శెనగలలో సుమారు 25 గ్రాములు ఉంటుంది. ధాన్యాలన్నిటిలోనూ బియ్యపు పిండి చిన్న పేగులోనే దాదాపు పూర్తిగా అరిగిపోతుందని, గోధుమ, ఓట్స్, మొక్కజొన్న, ఆలుగడ్డల పిండి కొంత మిగిలి పెద్ద పేగుకు చేరుతుందని అమెరికా వైద్యుడు మైకేల్ లెవిట్, ఆయన సహచరులు 1987లో ఊపిరిలోని హైడ్రోజన్‌ను కొలిచి చూపించారు.

తెల్లన్నానికీ, పలుచని చారుకూ అలవాటు పడిన కడుపు ఉన్న వ్యక్తి, ఒక సోమవారం నుంచి వీగన్ నియమం పట్టి, పొద్దున మొలకెత్తిన శెనగలు, మధ్యాహ్నం రాజ్మా, సాయంత్రం మీల్ మేకర్ కూర, రాత్రి గోధుమ రొట్టెలు, నడుమ జీడిపప్పు పాలు మొదలుపెట్టినప్పుడు, పీచూ పులిసే చక్కెరలూ ఒక్క వారంలో రెండు మూడు రెట్లు పెరుగుతాయి. ఎండిన కాలువలోకి జూరాల నీటిని ఒక్కసారే నిండుగా వదిలితే గట్లు తెగినట్టే, సిద్ధపడని పేగు ఆ భారాన్ని మోయలేకపోతుంది. 2000 కేలరీల ఆహారంలో రోజుకు సుమారు 30 గ్రాముల పీచు ఉండాలని 2020 నాటి భారత వైద్య పరిశోధన మండలి సిఫారసులు చెబుతున్నాయి. ఆ 30 గ్రాములకు చేరడం మంచిదే, అయితే అక్కడికి వారాల మీద చేరాలి.

కడుపు నిజంగా అలవాటు పడుతుందా అన్న సందేహానికి 2011లో అమెరికాలో డోనా విన్హామ్, ఆండ్రియా హచిన్స్ ప్రచురించిన అధ్యయనం సమాధానం ఇస్తుంది. రోజుకు అర కప్పు చొప్పున బీన్స్ వారాల తరబడి తిన్నవారిలో, మొదటి వారంలో కూడా వాయువు పెరిగిందని చెప్పినవారు సగానికంటే తక్కువే. బొబ్బర్లు తిన్నవారిలోనైతే అలా చెప్పినవారు 19 శాతం మాత్రమే. పెరిగిందన్నవారిలోనూ ఎక్కువమందికి రెండు మూడు వారాలకు అది సర్దుకుంది. బొబ్బర్లు తేలికైనవన్న ఆ ఫలితం, గుడాల రూపంలో వాటిని తరచుగా తినే పాలమూరు ప్రజలకు ఎంతో పనికొచ్చే విషయం.

కారణాన్ని గుర్తించడం: పది రోజుల పద్దు

ఏ ఆహారాన్నయినా మానే ముందు, పది రోజుల పాటు ఒక నోటు పుస్తకంలో నాలుగు విషయాలు రాసుకోవాలి: ఏం తిన్నది, ఎంత తిన్నది, బాధ ఏ గంటకు మొదలైంది, విరేచనం ఎలా అయింది. వీటిలో మూడవది అన్నిటికంటే విలువైనది. తిన్న ఆహారం పెద్ద పేగుకు చేరడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది కనుక, పప్పుధాన్యాల వల్ల కలిగే వాయువు ఆ తరువాతే బలపడుతుంది. పొద్దున ఇడ్లీ తిన్న అరగంటకు ఉబ్బరం వస్తే ఇడ్లీని అనుమానించడం కంటే, క్రితం రాత్రి తిన్న శెనగలనో, వేగంగా తింటూ మింగిన గాలినో, కదలని మలాన్నో అనుమానించడం సమంజసం.

పాల విషయంలో కూడా పద్దు ఉపయోగపడుతుంది. పాలలోని లాక్టోజ్ అనే చక్కెరను అరిగించే శక్తి పెద్దయ్యాక తగ్గిపోవడం దక్షిణ భారతదేశంలో చాలా మందిలో కనిపించే లక్షణం, అటువంటివారికి పాలు మానినందువల్ల ఉబ్బరం తగ్గాలి. తగ్గకపోగా పెరిగిందంటే, పాల స్థానంలోకి వచ్చిన పదార్థాన్ని పరిశీలించాలి. సోయా గింజల నుంచి తీసిన పాలలో పులిసే చక్కెరలు ఎక్కువ, జీడిపప్పులోనూ అవి ఎక్కువే, పల్లీలలో తక్కువ. అందువల్ల పల్లీలను నానబెట్టి, రుబ్బి, వడకట్టిన పాలు ఈ ప్రాంతంలో చవకగా, తేలికగా చేసుకోదగిన ప్రత్యామ్నాయం. సోయా పాలను విరగగొట్టి, నీటిని పిండేసి చేసే గట్టి టోఫులో ఆ చక్కెరలు చాలా వరకు నీటితోనే పోతాయి కనుక, సోయా పాలు పడనివారికి కూడా టోఫు పడవచ్చు.

వంటింట్లో చేయవలసినవి

రాఫినోజ్ జాతి చక్కెరలు నీటిలో కరుగుతాయి. నివారణలో సగం ఈ ఒక్క గుణం మీదే ఆధారపడి ఉంది. ఉలవలను రాత్రి నానబెట్టిన గిన్నెను పొద్దున చూస్తే నీరు గోధుమ రంగుకు తిరిగి, అంచు చుట్టూ సన్నని నురగ కట్టి ఉంటుంది. గింజలోని చక్కెరలలో కొంత భాగం అప్పటికే ఆ నీటిలోకి దిగి ఉంటుంది కనుక, దాన్ని పారబోసి, గింజలను రెండుసార్లు కడిగి, కొత్త నీటిలో ఉడికించాలి. పొట్టుతో ఉన్న శెనగలు, ఉలవలు, అనుములు, బొబ్బర్లకు ఎనిమిది నుంచి పన్నెండు గంటల నానబెట్టడం అవసరం. పాలమూరు ఎండాకాలంలో నీరు త్వరగా పులుస్తుంది కనుక మధ్యలో ఒకసారి మార్చడం మంచిది. ఉడికిన గింజను రెండు వేళ్ల మధ్య నొక్కితే లోపల పలుకు తగలకుండా మెత్తగా నలిగిపోవాలి, ఎందుకంటే సగం ఉడికిన గింజలోని పిండి కూడా అరగకుండా పెద్ద పేగుకు చేరి వాయువును పెంచుతుంది. రాజ్మాను మాత్రం సగం ఉడికించి తినడం ప్రమాదకరం. దానిలో ఉండే లెక్టిన్ అనే విష గుణమున్న ప్రొటీను నశించాలంటే నానిన గింజలు కనీసం పది నిమిషాలు తెర్లుతూ ఉడకాలి.

చక్కెరలు నీటిలో కరిగే ఆ గుణం వల్లనే ఒకే గింజతో చేసిన రెండు వంటలు కడుపుకు రెండు రకాలుగా ఉంటాయి. ఉడికించిన నీటిని వంచేసి, జీలకర్ర, ఎండుమిర్చితో తాలింపు పెట్టిన ఉలవ గుడాలలో పులిసే చక్కెరలు తగ్గి ఉంటాయి; ఉలవలు ఉడికిన కట్టునే మరిగించి చేసే ఉలవచారులో ఆ చక్కెరలు చిక్కబడి ఉంటాయి. ఉబ్బరం ఎక్కువగా ఉన్న రోజులలో గుడాలను ఎంచుకొని, ఉలవచారును కడుపు స్థిరపడిన తరువాత కొద్దిగా మొదలుపెట్టాలి.

గింజలను మొలకెత్తించడం మరింత బలమైన పద్ధతి, ఎందుకంటే మొలక పెరగడానికి కావలసిన శక్తి కోసం గింజ తనలోని రాఫినోజ్ చక్కెరలను తానే విరగ్గొట్టి వాడుకుంటుంది. ఒకటి రెండు రోజులు మొలకెత్తిన పెసర్లలో ఈ చక్కెరలు బాగా తగ్గిపోతాయి. వాటిని పచ్చిగా కాక ఆవిరి మీద ఉడికించి తింటే అరుగుదల సులభం, తడి మొలకలలో పెరిగే హానికర సూక్ష్మజీవుల భయమూ ఉండదు. ఇడ్లీ, దోశ పిండినీ, జొన్న అంబలినీ రాత్రంతా పులియబెట్టినప్పుడు పేగులో జరగవలసిన పనిలో కొంత గిన్నెలోనే జరిగిపోతుంది. అంబలిలో మజ్జిగ కలపడం ఆనవాయితీ అయినా, నిమ్మరసం, ఉప్పు, జీలకర్ర పొడితో కూడా అది రుచిగానే ఉంటుంది.

నానబెట్టే నీటిలో వంట సోడా వేస్తే గింజ త్వరగా ఉడుకుతుంది గాని, థయామిన్ అనే బి1 విటమిను నశిస్తుంది కనుక దాన్ని అలవాటు చేసుకోకూడదు. ఇంగువ, వాము, జీలకర్ర, అల్లం వేసి వండే ఆచారానికి తరాల అనుభవం ఆధారం. అల్లం జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని పెంచుతుందని అధ్యయనాలు కూడా సూచించాయి. వంటకు సరిపడా వాడినంత వరకు వీటివల్ల నష్టం లేదు, అయితే ఇవి నానబెట్టడానికీ, పరిమాణం తగ్గించడానికీ బదులు కాలేవు.

ఆరు వారాల క్రమం

మొదటి రెండు వారాలలో పొట్టు తీసిన పెసరపప్పు, ఆ తరువాత కందిపప్పు, రోజుకు ఒక పూట, ఉడికినది అర కటోరీ చొప్పున చాలు. అన్నాన్ని పూర్తిగా మానకుండా, ఒక పూట మాత్రం జొన్న రొట్టె తినాలి. ప్రొటీను తగ్గకుండా పల్లీలు, నువ్వులు, గట్టి టోఫు తోడు చేసుకోవాలి. కూరగాయలలో సొరకాయ, బీరకాయ, వంకాయ, క్యారెట్, పాలకూర వంటివి ఉడికించినవే తినాలి.

మూడు, నాలుగు వారాలలో పప్పును రెండు పూటలకు పెంచి, బొబ్బర్ల గుడాలనూ, ఉడికించిన పెసర మొలకలనూ వారానికి మూడు నాలుగు సార్లు చేర్చాలి. అయిదు, ఆరు వారాలలో శెనగలు, ఉలవలు, సంక్రాంతి రోజులలోనైతే పచ్చి అనప గింజలు, ఒక్కొక్కటిగా, ఒక్కొక్కటి మూడు రోజుల పరీక్ష తరువాత చేర్చుకోవాలి. రాజ్మా, మీల్ మేకర్, క్యాబేజీ, గోబీ పువ్వు చివరికి వదిలిపెట్టాలి.

ఏ దశలోనైనా నొప్పి తిరిగి వస్తే, ఆ పదార్థాన్ని శాశ్వతంగా నిషేధించకుండా పరిమాణాన్ని సగం చేసి, ఒక వారం అదే స్థాయిలో ఆగాలి. వీగన్ ఆహారంలో ప్రొటీనుకూ, ఇనుముకూ, జింకుకూ పప్పుధాన్యాలే ఆధారం కనుక, ఒక్కొక్క పప్పునూ తీసివేస్తూ పోయినవారికి చివరికి తెల్లన్నం, పచ్చడి మిగిలి, బలహీనత మొదలవుతుంది. ఉబ్బరం కంటే ఆ నష్టం పెద్దది.

గోధుమ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ

పప్పులను ఎంత జాగ్రత్తగా వండినా బాధ తగ్గకపోతే, దృష్టి ఫ్రక్టాన్ల మీదికి మళ్లాలి. గోధుమ, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డలలో ఉండే, మనిషి అరిగించుకోలేని మరొక చక్కెర గొలుసును ఫ్రక్టాన్ అంటారు. ఫ్రక్టాన్లు, పప్పులలోని ఒలిగోశాకరైడ్లు, లాక్టోజ్, కొన్ని పండ్లలో అధికంగా ఉండే ఫ్రక్టోజ్, చక్కెర లేని బబుల్‌గమ్‌లలో వాడే సార్బిటాల్ వంటి తీపి పదార్థాలు, వీటన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్ అనే ఒకే పేరుతో పిలుస్తారు. 2005 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ ఈ వర్గీకరణను ప్రవేశపెట్టారు. వీటిని కొన్ని వారాలు తగ్గించి, తరువాత ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి, ఏది పడదో కనుగొనడం ఆ పద్ధతి సారాంశం. వీగన్లు దీన్ని పోషకాహార నిపుణుల పర్యవేక్షణలోనే చేయాలి.

బరువు తగ్గడానికో, షుగర్ కోసమో రాత్రి అన్నానికి బదులు గోధుమ రొట్టెలకు మారినవారికి జొన్న రొట్టె మంచి దారి చూపుతుంది, ఎందుకంటే జొన్నలో ఫ్రక్టాన్లు చాలా తక్కువ, గ్లూటెన్ అసలే లేదు. ఎల్లిగడ్డ రుచి విడువలేనివారు పాయలను నూనెలో వేయించి, నూనె ఉంచుకొని పాయలను తీసివేయవచ్చు. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి గాని నూనెలో కరగవు. ఉల్లిగడ్డలో తెల్లని భాగానికి బదులు ఉల్లికాడల ఆకుపచ్చని భాగాన్ని వాడవచ్చు. మామిడి, పుచ్చకాయ, యాపిల్ ఎక్కువగా తిన్న రోజున ఉబ్బరం వస్తే, వాటికి బదులు బొప్పాయి, కమలా పరీక్షించాలి. దుకాణాలలో దొరికే ప్రొటీన్ బార్లలో పీచు కోసం కలిపే ఇనులిన్ కూడా ఫ్రక్టానే కనుక ప్యాకెట్టు మీది వివరాలను చదవాలి.

తినే తీరు, కూర్చునే తీరు

అమరచింతలోనూ, గద్వాల పరిసరాలలోనూ గుంట మగ్గం మీద చీరలు నేసేవారు కాళ్లు గుంటలో పెట్టి, నడుము ముందుకు వంచి, గంటల తరబడి ఒకే చోట కూర్చుంటారు. అన్నం తిన్న వెంటనే ఆ భంగిమలో కూర్చుంటే పొట్ట నొక్కుకుపోతుంది, పేగు కదలిక మందగిస్తుంది. కుట్టు మిషన్ ముందు, కంప్యూటర్ ముందు, ఆటో హ్యాండిల్ వెనుక గడిపేవారి స్థితి కూడా ఇంతే. భోజనమైన తరువాత పది పదిహేను నిమిషాలు మెల్లగా నడవడం, గంటకోసారి లేచి నిలబడి నడుము చాచడం వాయువు ముందుకు సాగడానికి తోడ్పడతాయి. నొప్పి వచ్చినప్పుడు వెల్లకిలా పడుకొని మోకాళ్లను ఛాతీ వైపుకు మడిచే పవనముక్తాసనం, ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి పొట్టను పైకి లేపి వదలడం చాలామందికి ఉపశమనం ఇస్తాయి.

పని తొందరలో ముద్దలు నమలకుండా మింగేవారు, తింటూ మాట్లాడేవారు, సోడా, కూల్‌డ్రింకులు తాగేవారు ఆహారంతో పాటు గాలినీ మింగుతారు. నోటిలో నలగని శెనగ గింజను పేగు నలపలేదు కనుక ప్రతి ముద్దనూ మెత్తబడేదాకా నమలాలి. పీచు పెరిగినప్పుడు నీరు కూడా పెరగాలి. చెమట ఎక్కువగా పోయే ఈ ప్రాంతపు వేసవిలో నీరు తగ్గితే అదే పీచు గట్టిపడి మలబద్ధకాన్ని పెంచుతుంది. మలబద్ధకం ఉన్నవారికి గోధుమ పొట్టు కంటే ఇసబ్‌గోల్ పొట్టు మేలు, ఎందుకంటే అది నెమ్మదిగా, కొద్దిగానే పులుస్తుంది; దాన్ని నిండు గ్లాసు నీటితోనే తీసుకోవాలి.

మాత్రల గురించి తెలుసుకోవలసినవి

మందుల దుకాణంలో గ్యాస్ గోలీ అని అడిగితే సాధారణంగా ఇచ్చే పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తగ్గిస్తాయి. ఛాతీ మంటకు అవి పనిచేస్తాయి గాని, పెద్ద పేగులో పప్పులు పులిసి పుట్టే వాయువు మీద వాటి ప్రభావం ఉండదు. వాటిని నెలల తరబడి వాడితే బి12 విటమిను ఒంటపట్టడం తగ్గుతుంది. మొక్కల ఆహారంలో బి12 నమ్మదగినంతగా దొరకదు కనుక వీగన్లందరూ దాన్ని విడిగా మాత్రగానో, బి12 కలిపిన ఆహారంగానో తీసుకోవాలి. గ్యాస్ గోలీలు, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ వాడే వీగన్లకు ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. మెట్‌ఫార్మిన్‌తో పాటు ఆకార్బోజ్, వోగ్లిబోజ్ అనే మధుమేహ మందులు కూడా ఉబ్బరం కలిగిస్తాయి. అటువంటప్పుడు మందును సొంతంగా మానకుండా వైద్యుడితో మాట్లాడి మోతాదు మార్పించుకోవాలి.

పప్పులలోని చక్కెరలను తెంచే ఆల్ఫా గెలాక్టోసిడేజ్ ఎంజైము మాత్రల రూపంలో దొరుకుతుంది. దాన్ని మొదటి ముద్దతోనే తీసుకోవాలి, వేడికి అది నశిస్తుంది కనుక వంటలో కలపకూడదు. గెలాక్టోజ్‌ను ఒళ్లు వాడుకోలేని గెలాక్టోసీమియా అనే పుట్టుకతో వచ్చే వ్యాధి ఉన్నవారు దీన్ని వాడరాదు. పెళ్లి భోజనం వంటి అరుదైన సందర్భాలకు ఇది ఉపకరిస్తుంది, రోజువారీ అలవాటుకు నానబెట్టడమే చాలు.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం వచ్చినప్పుడు గ్యాస్ నొప్పే అని సోడా తాగి పడుకోవడం వల్ల గుండెపోటుకు చికిత్స అందే విలువైన సమయం పోతుంది. అటువంటి స్థితిలో వెంటనే 108కి ఫోన్ చేయాలి. కడుపు తీవ్రంగా నొస్తూ, వాంతులవుతూ, మలమూ వాయువూ రెండూ పూర్తిగా ఆగిపోతే పేగు మూసుకుపోయి ఉండవచ్చు కనుక అదే రోజు ఆసుపత్రికి చేరాలి.

ప్రయత్నం లేకుండా బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, జ్వరం, రాత్రి నిద్ర లేపే నొప్పి, వారాల తరబడి విరేచనాలు, యాభై ఏళ్లు దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన ఉబ్బరం వైద్య పరీక్ష కోరే లక్షణాలు. యాభై దాటిన స్త్రీలలో రోజూ ఉంటూ తగ్గని ఉబ్బరం అండాశయ క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు కనుక, ఇంటి పనిలో పడి దాన్ని నెలల తరబడి భరించడం మంచిది కాదు. ఉబ్బరం వెనుక అసలైన వ్యాధి ఉండవచ్చనడానికి తెలుగువారికి యల్లాప్రగడ సుబ్బారావు జీవితమే సాక్ష్యం: 1895లో భీమవరంలో పుట్టిన ఆయన సోదరులను పొట్టన పెట్టుకున్న స్ప్రూ వ్యాధి, అంటే పేగు పోషకాలను గ్రహించలేని సంగ్రహణి, ఆయనను కూడా పీడించింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్న సుబ్బారావు, తరువాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో స్ప్రూ చికిత్సకు పనికొచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిన పరిశోధక బృందానికి నాయకత్వం వహించారు. అటువంటి జబ్బును నానబెట్టిన పప్పుతోనో, వాము నీటితోనో నయం చేయాలనుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

ప్రమాద లక్షణాలు లేని సాధారణ ఉబ్బరానికి మాత్రం ఆరు వారాల ఓర్పు, నానిన నీటిని పారబోసే అలవాటు, నిజాయితీగా రాసిన పద్దు చాలా వరకు సరిపోతాయి. వీగన్ నియమం ఒక విలువ కోసం చేపట్టిన వ్రతమైతే, ఆ వ్రతాన్ని నిలిపేది పళ్లెంలో పప్పుల సంఖ్య తగ్గించడం కాదు, కడుపు ఒప్పుకున్న వేగంతో దాన్ని పెంచుకుంటూ పోవడం. ఈ రాత్రి కొద్దిగా పెసరపప్పు నానబెట్టి, నోటు పుస్తకంలో మొదటి వరుస రాసుకున్నవారు ఆ పని ఇప్పటికే మొదలుపెట్టినట్టు.